ఇంటి సోలార్ నిల్వకు లిథియం సెల్ గ్రేడ్లు – 4వ పాఠం: తక్కువ చూపిన సెల్ నిజంగా తక్కువదేనా?

గత పాఠంలోని సామర్థ్య పరీక్ష (సెల్‌ను పూర్తిగా నింపి, 2.5 వోల్టుల వరకు ఖాళీ చేస్తూ ఎన్ని ఆంపియర్-అవర్లు వచ్చాయో లెక్కించడం) చేసి హనుమకొండ, పరకాల, జమ్మికుంట వైపు నుంచి పాఠకులు పంపిన కొలతల్లో ఎక్కువ భాగం, 280 ఆంపియర్-అవర్ల సెల్‌కు 245 నుంచి 265 మధ్యే ఉన్నాయి. బి గ్రేడ్ (తయారీదారు ప్రమాణాలు అందుకోని) సరుకు అంటగట్టారని దుకాణదారుతో తగువుకు దిగే ముందు, సెల్‌ను నిజంగా నింపారా లేదా అన్నది తేల్చుకోవాలి. ఈసారి గ్రేడ్ల వారీ వర్గీకరణ మొదలుపెట్టాలనుకున్నా, ముందు దీన్ని సరిచేయక తప్పదు.

పది ఆంపియర్ల పవర్ సప్లైకి సన్నని క్లిప్పు వైర్లు తగిలించారనుకుందాం. వైర్లు, క్లిప్పుల నిరోధం కలిపి 30 మిల్లీఓమ్‌లు ఉంటే వాటిలోనే 0.3 వోల్టు పోతుంది. సప్లై తెర మీద నిండు సెల్ హద్దు అయిన 3.65 కనిపిస్తుంది కానీ సెల్ 3.35 దగ్గరే ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌కు అది ఇంకా నిండుతున్న దశ. మల్టీమీటరు మొనలను సెల్ టెర్మినళ్ల మీదనే ఆనించి, అక్కడ 3.6 దాటి కరెంటు ఒక ఆంపియరుకు పడిపోయే వరకు ఓపిక పట్టండి. త్వరగా నిండుతుందని సప్లైని 3.65కు మించి పెంచడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, ఎందుకంటే కరెంటు తగ్గేకొద్దీ వైర్లలో పోయేది కూడా తగ్గి, పెంచినదంతా సెల్ మీదే పడుతుంది.

ఖాళీ చేసేటప్పుడు నేను 40 ఆంపియర్ల లోడే వాడతాను. ఏడు గంటలు పడుతుంది గానీ వైర్లు వేడెక్కవు. తయారీదారులు సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర చెబుతారు. మన జనవరి తెల్లవారుజామున కొలిస్తే అంకె తగ్గుతుంది, మే నెలలో నలభై డిగ్రీల గదిలో కొలిస్తే ఉన్న లోటు కొంత కప్పబడుతుంది.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా 2.5 వోల్టులకు చేరేసరికి 262 మాత్రమే వస్తే, అది ఎ గ్రేడ్ కాదు. సామర్థ్యం, అంతర్గత నిరోధం, స్వయం ఉత్సర్గం (వాడకుండానే ఛార్జి తనంతట తాను తగ్గడం), కొలతలు అన్నీ తయారీదారు నిర్దేశపత్రానికి లోబడితేనే ఎ గ్రేడ్. వీటిలో ఏదైనా తప్పితే బి గ్రేడ్. పదహారు సెల్‌లను వరుసగా కలిపినప్పుడు ఆ 262 సెల్ దగ్గరే ప్యాక్ మొత్తం ఆగుతుంది కాబట్టి, 14.3 కిలోవాట్-అవర్లకు డబ్బు కట్టి 13.4 వాడుకుంటారు.

ఎంత చెప్పినా వదలని ఒక అలవాటు ఉంది: దుకాణంలో మీటరు పెట్టి, అన్ని సెల్‌లూ 3.29 చూపాయని ఎ గ్రేడ్‌గా ఒప్పుకోవడం. కొత్త సెల్‌లు సగమో అంతకన్నా తక్కువో నిండి వస్తాయి. ఈ రసాయనంలో మధ్య భాగమంతా వోల్టేజీ దాదాపు చదునుగా సాగుతుంది కనుక నలభై శాతం నిండిన సెల్‌కూ అరవై శాతం నిండిన సెల్‌కూ తేడా వోల్టులో కొన్ని వందో వంతులే. అదీ గాక, 240 ఆంపియర్-అవర్లకు అరిగిపోయిన పాత సెల్ కూడా 3.29 చూపుతుంది, 280 ఇచ్చే కొత్తదీ అదే చూపుతుంది. నీటి మట్టం చూసి చెరువు విస్తీర్ణం చెప్పలేనట్టే, వోల్టేజీ చూసి సామర్థ్యం చెప్పలేం. వోల్టేజీలు సమానంగా ఉండాలన్నది నిజమే, కానీ ఆ సమానత్వం అమ్మేవారు ఒక రాత్రి సమాంతరంగా కలిపి ఉంచినా వస్తుంది.

అంతర్గత నిరోధాన్ని వెయ్యి హెర్ట్జ్ ఏసీ మీద, నాలుగు తీగల మీటరుతోనే (కరెంటుకు రెండు, వోల్టేజీ కొలవడానికి రెండు తీగలు) కొలవాలి. లోడు పెట్టి వోల్టేజీ పడిపోవడం నుంచి తీసిన డీసీ అంకె సహజంగానే ఎక్కువ ఉంటుంది. దాన్ని పత్రంలోని ఏసీ అంకెతో పోల్చకండి. క్యూఆర్ కోడ్ గీకేసిన సెల్, టెర్మినల్ మీద పాత వెల్డింగు గుర్తులను సానబట్టిన సెల్ ఎంత చౌకైనా నేను తీసుకోను.

అభ్యాసం: పదహారు సెల్‌లనూ పైన చెప్పినట్టు నింపి, ఖాళీ చేసి, ఒక్కొక్క దానిలో సరిగ్గా 15 ఆంపియర్-అవర్లు తిరిగి ఎక్కించండి. ఒక రోజు ఆగి వోల్టేజీలు రాసుకుని, విడివిడిగా నీడలో నెల రోజులు ఉంచి మళ్లీ కొలవండి. దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజీ రేఖ నిటారుగా ఉంటుంది కనుక, మధ్యలో కనిపించని స్వయం ఉత్సర్గం ఇక్కడ బయటపడుతుంది. మిగతావాటి కన్నా స్పష్టంగా కిందికి దిగిన సెల్ సామర్థ్యం 280 దాటినా సరే, దాన్ని ప్యాక్‌లో చేర్చకండి.