లిస్టర్ 6/1 ఆయిల్ ఇంజన్: ఎంత తిప్పినా స్టార్ట్ కాకపోతే

పాత ఇంజన్ కొన్న కుర్రాళ్లు ముందు రంగు డబ్బా కొంటారు. రంగు తర్వాత చూసుకోవచ్చు.

నాకు దొరికిన లిస్టర్ 6/1 ఒకే సిలిండర్ ఉన్న 6 హెచ్‌పీ, 650 ఆర్‌పీఎం రకం. హ్యాండిల్ తిప్పితే పొగ కూడా రాలేదు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దగ్గర ‘కిర్రు’మనే చప్పుడూ లేదు. అంటే డీజిల్ అందట్లేదు, లైన్‌లో గాలి పట్టింది.

ట్యాంకు అడుగున చేరిన నీళ్లు, మడ్డి బయటికి తీసేసి, ఫిల్టర్ మార్చి, కొత్త డీజిల్ పోశాను. ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేస్తే మొదట నురగ వచ్చింది. బుడగల్లేని ధార వచ్చాకే బిగించాలి. డీజిల్ పంపు దగ్గరా అంతే. చివరికి నాజిల్ వైపు పైపు నట్టు అర చుట్టు వదిలి, సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్ ఎత్తి తిప్పితే డీజిల్ చిమ్మింది. నట్టు బిగించాక ‘కిర్రు’ వినపడింది. ఆ పైపు తెరిచి ఉండగా చెయ్యి అడ్డం పెట్టొద్దు, ధార చర్మంలోకి దిగుతుంది.

క్రాంక్‌కేసులో (ఇంజన్ అడుగు పెట్టెలో) ఆయిల్, సిలిండర్ చుట్టూ చల్లబరిచే నీళ్లు చూసుకుని, లివర్ ఎత్తి జోరుగా తిప్పి, లివర్ వదిలేయడమే. హ్యాండిల్ తగిలించే షాఫ్టుకు ముందే కాస్త ఆయిల్ రాయాలి. ఎండిపోయి ఉంటే హ్యాండిల్ ఊడిరాక ఫ్లైవీల్‌తోపాటే తిరుగుతుంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి.