బర్మింగ్‌హామ్‌లో మంచి ఏల్ బీరు కావాలంటే చేతిపిడి చూడండి

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వెళ్తే గ్యాస్ స్ట్రీట్ బేసిన్ దగ్గర కాలువ గట్టున తప్పకుండా నడవండి, రంగురంగుల సన్నపాటి పడవలు చూడండి. కానీ దాహం వేసిందని నీళ్ల పక్కన మొదట కనిపించిన పబ్‌లో కూర్చోవద్దు. ఊళ్లోకి పది, పదిహేను నిమిషాలు నడిస్తే బెనెట్స్ హిల్ వీధిలో వెల్లింగ్టన్ అనే పబ్ ఉంది. కాలువ కనిపించదు గానీ ఏల్ కోసమే వెళ్లాల్సిన చోటు.

ఏ పబ్‌లోనైనా ముందుగా కౌంటర్ బల్ల మీద నిలువుగా ఉండే పొడవాటి చేతిపిడులు వెతకండి. అసలైన ఏల్‌ను ఆ పిడి లాగి, కింద నేలమాళిగలోని పీపా నుంచి గ్లాసులోకి తోడతారు. అది పీపాలోనే ఇంకా పులుస్తూ ఉంటుంది, బయటి గ్యాస్ ఎక్కించరు. అందుకే మన కల్లులాగే దానికీ ఆయుష్షు తక్కువ. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. పది పిడులుండి జనం లేని పబ్ కంటే, రెండే పిడులతో కిటకిటలాడే పబ్ ఎంతో నయం. పిడికి తగిలించిన పేరు బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ రకం ప్రస్తుతం లేదని అర్థం.

కొనే ముందు కొంచెం రుచి చూపించమని అడగండి, చిన్న గ్లాసులో పోసిస్తారు. మంచులా లేదని కంగారు పడకండి, 11 నుంచి 13 డిగ్రీలే దానికి తగిన చల్లదనం. వెనిగర్ వాసన వస్తే మాత్రం మొహమాటం వద్దు. గ్లాసు తిరిగి ఇచ్చి మార్చమనండి.