తూము బాగుచేశాక చేపలు ఎదురెక్కట్లేదా?

మా చంద్రగిరి వైపు వంకలు పారేదే ఏడాదిలో కొన్నాళ్లు. అక్టోబరు, నవంబరు వానలకు చెరువు నిండి మరవ పోయిందంటే (అలుగు పారిందంటే) పరిగెలు, జెల్లలు, కొరమేనులు వంక పట్టుకుని ఎదురెక్కుతాయి. దారిలో రోడ్డు కింది తూము (కల్వర్టు) అడ్డుపడితే పై చెరువులోకి చేరలేవు. విచిత్రమేమంటే, ఈ తంటా పాత తూముల కన్నా బాగుచేసిన తూముల దగ్గరే ఎక్కువ. రోడ్డు మీద నిలబడితే ఏమీ తెలీదు, దిగువకు దిగి చూడండి.

సమస్య: తూము నోటి కింద మడుగులో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

చూసి సంబరపడి వల తెచ్చేవాళ్లే ఎక్కువ. పాపం, అవి పైకి పోలేక ఆగిపోయినవి. పడే నీళ్లు కింది మట్టిని తోడేయడంతో తూము నోరు గాల్లో వేలాడుతోంది. పాత తూములో కొత్త పైపు దూర్చి ఉంటే దాని అడుగు ఇంకాస్త పైకి లేస్తుంది. మడుగు దిగువన రాళ్లతో మెట్లుమెట్లుగా అడ్డకట్టలు వేయండి. మెట్టు నాలుగు వేళ్ల ఎత్తు మించొద్దు, నడుమ చిన్న పల్లం వదలాలి. నీళ్లు వెనక్కి ఎగదన్ని తూము లోపల నిలవాలి. రాయి ఇద్దరు మోసేంత ఉండి, సగం భూమిలో పూడాలి. లేకుంటే మొదటి వరదకే పోతుంది.

సమస్య: లోపలికి దూరి, మళ్లీ కొట్టుకొస్తున్నాయి.

కారణం వేగం. ఎగువన ఒక కానుగాకు వేసి లెక్కపెట్టండి. పది మీటర్ల తూమును అయిదు సెకన్లలో దాటిందంటే సెకనుకు 2 మీటర్లు. అయిదు సెంటీమీటర్ల పరిగె ప్రాణం పెట్టి ఈదినా సెకనుకు సుమారు అర మీటరే, అదీ కొన్ని సెకన్లే. కొత్త ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది, పైగా ఇరుకు: మీటరు తూములో 80 సెంటీమీటర్లది దూరిస్తే నీటిదారి మూడో వంతుకు పైగా తగ్గినట్టే. అడుగున పొట్టి అడ్డుపట్టీలు బిగిస్తే వాటి వెనక చేప అలుపు తీర్చుకుంటుంది. కానీ తూములోంచి వరద ఎంత పోగలదో ఇంజనీరు చేత లెక్క కట్టించాకే బిగించండి. 2021 నవంబరు వరద చూసిన ఊళ్లలో ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఏటా కంప, ప్లాస్టిక్ కవర్లు తీయడమూ తప్పదు.

సమస్య: అడుగున పాదం కూడా మునగనంత నీళ్లు.

చదునైన కాంక్రీటు మీద నీళ్లు పరుచుకుపోతాయి. ఒక పక్కన సన్న కాలువ చెక్కించి అన్నీ అందులోకి మళ్లించండి.

సమస్య: పైన కొరమేను కనిపిస్తోంది, పరిగె లేదు.

తూము బాగుందనుకోకండి. కొరమేను గాలి పీల్చుకుంటూ తడినేల మీద పాకి కూడా పోతుంది. పరిగెకు ఆ వీలు లేదు. మళ్లీ దిగువకు దిగి, కానుగాకు వేసి చూడండి.