బ్యాంకాక్‌లో మొదటి మూడు రోజులు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సర్దుకోవాలి

బ్యాంకాక్ నది ఒడ్డున, కాలవల మధ్య పెరిగిన ఊరు. బ్యాగు తగిలించుకుని కొత్తగా దిగినవాళ్లు రోడ్డునే నమ్ముకుని ఒంట్లో ఓపిక, చేతిలో డబ్బు రెండూ పోగొట్టుకుంటారు. కింద చెప్పిన ఇబ్బందుల్లో కొన్నిటికి మందు చావో ఫ్రయా నదిలోనే ఉంది.

సమస్య: ఎయిర్‌పోర్టు దాటేలోపే జేబుకు చిల్లు

బయటికి వచ్చే దారిలోనే ఎదురొచ్చి "టాక్సీ?" అని అడిగేవాళ్లది మీటరు లేని బేరం. సువర్ణభూమిలో దిగితే కింది అంతస్తుకు వెళ్లి రైలెక్కండి. ఊళ్లో చివరి స్టేషన్ ఫయా థాయ్ దాకా 45 బాట్లకు (బాట్ థాయ్‌లాండ్ డబ్బు) మించదు, అరగంటలో చేరిపోతారు. అర్ధరాత్రి దాటితే రైలుండదు. అప్పుడు టాక్సీ క్యూలోని మెషీన్ దగ్గర చీటీ తీసుకుని ఎక్కాలి. మీటరు 35 బాట్లతో మొదలవుతుంది, ఎయిర్‌పోర్టు రుసుము 50 అదనం, టోల్ కూడా మనదే. చవక విమానాలు చాలావరకు డాన్ మువాంగ్‌లో దిగుతాయి. అది వేరే ఎయిర్‌పోర్టు కాబట్టి టికెట్ మీద ఏది రాసుందో ముందే చూసుకోండి.

సమస్య: రూము చవగ్గా దొరికింది, కానీ ఎటెళ్లినా ట్రాఫిక్కే

ఖావ్ సాన్ రోడ్డులో దిగినవాళ్లందరిదీ ఇదే గోడు. ఆ పేటను ఆనుకుని స్కైట్రెయిన్ గానీ మెట్రో గానీ లేవు. టుక్‌టుక్ ఎక్కితే సాయంత్రం పూట పొగలో కూర్చోవడమే.

పది నిమిషాలు నడిస్తే ఫ్రా ఆర్థిత్ రేవు వస్తుంది. అక్కడ నారింజ జెండా ఉన్న పడవ ఎక్కండి. ఊరి జనం ఆఫీసులకు వెళ్లే పడవ అదే. ఎంత దూరమైనా ఒకటే టికెట్టు, చాలా చవక. నీలం జెండాది టూరిస్టుల పడవ, రేటూ ఎక్కువే. రేవులో ముందు దాని టికెట్టే అమ్మజూపుతారు, తొందరపడకండి. సాథోర్న్ రేవులో దిగితే పక్కనే సఫాన్ తాక్సిన్ స్కైట్రెయిన్ స్టేషన్. సియామ్ వైపు షాపింగ్‌కైతే ఫాన్ ఫా రేవు నుంచి సేన్ సేప్ కాలవ పడవ ఉంది. నీళ్లు చింది మీద పడతాయి, ఫోను లోపల పెట్టుకోండి. చీకటి పడ్డాక నది పడవలు దాదాపు ఆగిపోతాయి, తిరుగు ప్రయాణం ఆ లెక్కన చూసుకోవాలి.

సమస్య: "ఈరోజు ప్యాలెస్ మూసేశారు" అంటున్నారు

గ్రాండ్ ప్యాలెస్ గోడ వెంట నడుస్తుంటే నీటుగా బట్టలేసుకున్న మనిషి వచ్చి, పూజ ఉంది, మధ్యాహ్నం తెరుస్తారు, ఈలోపు 20 బాట్లకే టుక్‌టుక్‌లో నాలుగు గుళ్లు చూసి రండి అంటాడు. ఆ నాలుగు గుళ్ల మధ్యలో ఒక రత్నాల కొట్టు ఉంటుంది, అసలు బేరం అక్కడే. వాదించొద్దు, ఆగొద్దు. నా ఫ్రా లాన్ రోడ్డు వైపున్న ద్వారం దాకా నడిచి టికెట్ కౌంటర్ దగ్గరే అడగండి. ఉదయం 8:30కి తెరుస్తారు, మధ్యాహ్నం 3:30 దాకా టికెట్లిస్తారు. ధర 500 బాట్లు. నిక్కరు, చేతుల్లేని బనియను, చిరుగుల జీన్సు వేసుకుంటే లోపలికి రానివ్వరు.

సమస్య: 500 బాట్లు పెట్టి వెళ్లాం, అరగంటలో బయటికొచ్చేశాం

నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇదే. అందరూ ప్యాలెస్ ఆవరణలోని గుడిలో గుంపుతో తోసుకుంటూ మరకత బుద్ధుణ్ణి చూస్తారు, అక్కడ ఫొటోలకు అనుమతి లేదు, ఎండకు తట్టుకోలేక బయటపడతారు. ఆ గుడి ప్రాంగణం చుట్టూ ఉన్న వసారాను చూడనే చూడరు. అక్కడ నీడ ఉంది, గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం ఉంది. థాయిలు రామకియెన్ అంటారు.

తెరిచిన వెంటనే వెళ్లి ఉత్తరం వైపు మొదలుపెట్టండి. జనకుడికి సీత దొరికే ఘట్టం తొలి చిత్రం. ఈ కథలో సీత రావణుడి కూతురే, పుట్టగానే నీళ్లలో వదిలేస్తారు. తెల్లటి ఒంటితో కనిపించే కోతి హనుమంతుడు. మన ఆంజనేయుడిలా బ్రహ్మచారి కాదు, సేతువు కట్టేటప్పుడు రావణుడి కూతురైన మత్స్యకన్యను ప్రేమిస్తాడు. ఆకుపచ్చ రాక్షస ముఖం దశకంఠుడిది. కిరీటాలకు, రథాలకు అద్దిన బంగారు రేకు దగ్గరికెళ్తే మెరుస్తుంది. చిన్నప్పటి నుంచి రామాయణం విన్న మనకు ఏ గైడూ అక్కర్లేదు, గంటన్నర ఇట్టే గడిచిపోతుంది. ఆ తర్వాతే బుద్ధుడి దర్శనం.

పక్కనే వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడు. అక్కడి నుంచి తా తియన్ రేవులో బల్లకట్టెక్కి అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడికి వెళ్లండి. ఆ రోజుకు అవి చాలు.

సమస్య: శాకాహారమని చెప్పినా వాసన తేడాగా ఉంది

మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, ఫిష్ సాస్ మాత్రం ఉంటుంది. "జే" (శుద్ధ శాకాహారం) అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్టు కనబడితే నిశ్చింతగా తినొచ్చు. మన తిండి కావాలంటే భారతీయుల పేట పాహురత్ వైపు వెళ్లండి.

సమస్య: ఏటీఎంలో తీసిన ప్రతిసారీ కోత

విదేశీ కార్డుకు ఒక్కో విత్‌డ్రాకు 220 బాట్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. కొంచెం కొంచెం కాకుండా ఒకేసారి తీయండి. రూపాయల్లో లెక్కకట్టమంటారా అని మెషీన్ అడిగితే వద్దని నొక్కి, బాట్లలోనే కానివ్వండి.

ఎక్కడైనా మోసపోయినా, పాస్‌పోర్టు పోయినా 1155కి ఫోన్ చేయండి. అది టూరిస్ట్ పోలీసుల నంబరు, ఇంగ్లీషులో మాట్లాడతారు.