ఇంటి దగ్గరే బండి పని – 5వ పాఠం: వెనక డ్రమ్ము బ్రేకు

ఈ పాఠం బ్రేకు షూలతో, అంటే డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే రెండు వంపు ముక్కలతో, మొదలవ్వాలి. కానీ 4వ పాఠం చూసి చైను లూజు తీసుకున్నాక పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ వైపు నుంచి వచ్చిన ఫిర్యాదులు వదిలేసి ముందుకెళ్తే లాభం లేదు. అన్నీ కలిపితే మూడే. చైను బిగించాక బండి లాగట్లేదు, వెనక హబ్బు (చక్రం నడిమి గుండ్రటి భాగం) ముట్టుకుంటే కాలుతోంది. చక్రం ఎంత జరిగిందో చూపే గీతల్లో ఎడమ పక్కది కదలట్లేదు, కుడి పక్కే జరుగుతోంది. బండి నడుస్తుంటే చైను దగ్గర ఊఁ అని మూలుగు. ఈ మూడూ తీరాకే షూలు.

హబ్బు కాలడం

ఇది చైను తప్పు కాదు, బ్రేకు పట్టి ఉండటం. చైను బిగించడమంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడమే కదా. బ్రేకు ప్లేటు (షూలు అమర్చి ఉండే, డ్రమ్ముకి మూతలాంటి పళ్లెం) చక్రంతో పాటు వెనక్కి పోతుంది. బ్రేకు పెడలు మాత్రం ఫ్రేముకి ఉంది, అది కదలదు. మధ్యలో ఉన్న రాడ్డు పొడవు మారదు. అంటే చక్రం ఎంత వెనక్కి పోతే, రాడ్డు ప్లేటు మీది లివర్ని (బ్రేకు వేసే చిన్న చేయిని) అంత ముందుకి లాగినట్టు. మీ కాలు పెడలు మీద లేకపోయినా బ్రేకు సగం వేసినట్టే. చైను బిగించే ముందు రాడ్డు నట్టు నాలుగు చుట్లు వదులు చెయ్యమని పోయిన పాఠం చివర్లో ఉంది. చైను బిగిశాక చివరి పేరా ఎవరు చదువుతారు!

పరీక్ష సులభం. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్లో చక్రం చేత్తో తిప్పండి. సర్రుమని సన్నగా చప్పుడొస్తే పర్వాలేదు, తిప్పిన వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టి ఉంది. రోడ్డు మీదైతే వెనక బ్రేకు వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, హబ్బు మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుయ్యిమంటే సందేహం అక్కర్లేదు.

సరిచేయడానికి స్పానరు కూడా అక్కర్లేదు. చక్రం దగ్గర, రాడ్డు చివర ఉన్న నట్టు చేత్తోనే తిరుగుతుంది. పెడలు కొన దగ్గర పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు నిలబెట్టి, చేత్తో పెడలు నొక్కండి. బ్రేకు పట్టడం మొదలయ్యే దాకా కొన 20 నుంచి 30 మి.మీ. కిందికి రావాలి. 100–110 సీసీ బళ్లకు దాదాపు ఇదే లెక్క. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే సరి. నేనైతే 25 దగ్గర ఆపుతాను.

ఆ నట్టు ముఖం చదునుగా ఉండదు, లివరులోని గుండ్రటి పిన్నుకి సరిపడేలా గాడి ఉంటుంది. కాబట్టి అది అర చుట్టుకోసారి 'టక్' అని కూర్చుంటుంది. గాడి పిన్ను మీద కూర్చోకుండా మధ్యలో వదిలేస్తే పెడలు నాలుగుసార్లు తొక్కగానే జారి కూర్చుంటుంది, మీరు కొలిచిన 25 కాస్తా 30 దాటుతుంది. ముందు కూర్చోబెట్టి తర్వాత కొలవండి.

రెండు చిన్న మాటలు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన 125 సీసీ వరకు ఉన్న కొత్త బళ్లలో ఎక్కువగా కంబైన్డ్ బ్రేకు ఉంటుంది, వెనక పెడలు తొక్కితే ముందు చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. అలాంటి బండికి వెనక నట్టు సరిచేశాక ముందు చక్రం కూడా ఎత్తి తిప్పి చూడాలి. రెండోది, పెడలు సరిచేశాక వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండిపోతే బ్రేకు లైటు స్విచ్చి మీది ప్లాస్టిక్ నట్టు తిప్పండి. స్విచ్చి బాడీని పట్టుకుని తిప్పితే లోపల వైరు మెలికపడి తెగుతుంది. నట్టే తిరగాలి, బాడీ కాదు.

తప్తపాణి ఘాటీ మీదుగా మోహనా వెళ్లేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. కొద్దిగా పట్టి ఉన్న బ్రేకు ఎక్కుతున్నంతసేపూ వేడెక్కుతూనే ఉంటుంది. దిగేటప్పుడు పెడలు తొక్కితే ఇంకా వేడి, చివరికి తొక్కినా పట్టదు. దిగుడులో రెండో గేరులో ఇంజిన్తో ఆపుకుంటూ రావాలి. న్యూట్రల్లో పెట్రోలు మిగులుతుందని దిగేవాళ్లకి ఈ పాఠం ఏమీ చెయ్యలేదు.

ఎడమ పక్క కదలకపోవడం

స్ప్లెండర్ లాంటి బళ్లలో ఎడమ పక్క, అంటే చైను పక్క, యాక్సిల్ (చక్రం ఇరుసు) చుట్టూ ఇంకో పెద్ద నట్టు ఉంటుంది. దాన్ని స్లీవ్ నట్టు అంటారు. పళ్ల చక్రాన్ని స్వింగ్ ఆర్ముకి (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయికి) పట్టి ఉంచేది అదే. చాలామంది యాక్సిల్ నట్టు మాత్రమే వదులు చేశారు. దాంతో కుడి పక్క జరిగింది, ఎడమ పక్క స్లీవ్ నట్టు గట్టిగా పట్టుకునే ఉంది. అలా చక్రం ఏటవాలుగా నిలిచి టైరు ఒక అంచునే అరుగుతుంది, చైను పళ్ల పక్కల్ని రాసుకుంటుంది.

చైను సరిచేయడానికి స్లీవ్ నట్టు కూడా వదులు చెయ్యాలి. చక్రం ఊడదీయడానికి మాత్రం దాన్ని అస్సలు ముట్టుకోకూడదు. ఎందుకంటే అది బిగిసి ఉంటేనే పళ్ల చక్రం, చైను బండి మీదే ఉండి చక్రం ఒక్కటే బయటికొస్తుంది. చైను పనికి వదులు, చక్రం పనికి బిగువు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి టూల్ బాక్సు మూత లోపల అంటించుకోండి.

అడ్జస్టర్లు (చక్రాన్ని వెనక్కి జరిపే రెండు పక్కల మరలు) సమానంగా జరిపాక, బిగించే ముందు చైను వెనక పళ్ల చక్రం మీదికెక్కే చోట మడతపెట్టిన గుడ్డ పెట్టి చక్రాన్ని చేత్తో కొంచెం తిప్పండి. చక్రం ముందుకి లాక్కుని రెండు అడ్జస్టర్లకీ ఆనుతుంది. అలా ఆన్చి పెట్టి యాక్సిల్ బిగించి, గుడ్డ తీసేయండి. ఇది చేత్తో చేసే పనే. ఇంజిన్ స్టార్టు చేసి గేరులో పెట్టి చైనుకి గుడ్డ పట్టే అలవాటు మీ వీధి మెకానిక్కుకి ఉన్నా మీరు నేర్చుకోకండి. వేళ్లు పోతాయి.

మూలుగు

చైను 'గట్టిగా బాగుంది' అనిపించేదాకా బిగిస్తే వచ్చే చప్పుడు ఇది. స్టాండు మీద ఉన్నప్పుడు వెనక చక్రం కిందికి వేలాడుతుంది. మనిషి, వెనకాల మనిషి, సంతకి వేసిన బస్తా, అన్నీ ఎక్కితే చక్రం పైకి లేస్తుంది. ముందు పళ్ల చక్రం, స్వింగ్ ఆర్ము ఇరుసు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీతలోకి వచ్చేసరికి రెండు పళ్ల చక్రాల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. స్టాండు మీదే లూజు లేకపోతే ఆ దూరం ఎక్కడి నుంచి రావాలి? గేరు బాక్సు బయటి షాఫ్టు బేరింగు నుంచి, చక్రం బేరింగుల నుంచి. మొదట మూలుగు, తర్వాత ముందు పళ్ల చక్రం వెనక సీలు దగ్గర ఆయిలు చెమ్మ. ఆ దశకి వస్తే చైను ఖర్చు కాదు, ఇంజిన్ విప్పే ఖర్చు.

చైను కింది వరస మధ్యలో పైకీ కిందికీ కలిపి 20–30 మి.మీ. ఆడాలి. బరువులు మోసే బండికి 30 వైపే ఉంచండి. చక్రం తిప్పుతూ ఎక్కడ చైను అన్నిటికంటే బిగువుగా ఉందో అక్కడే కొలవాలి. అరిగిన చైను ఒకచోట లూజుగా, ఒకచోట బిగుతుగా ఉంటుంది. లూజు ఉన్నచోట 25 పెడితే బిగువున్నచోట సున్నా. ఆ తర్వాత ఇద్దరు ఎక్కి కూర్చోగా మూడో మనిషి చైను కదిపి చూడాలి. అప్పుడు కూడా ఎంతో కొంత ఆట మిగలాలి.

ఎంత సరిచేసినా రెండు వారాల్లో మళ్లీ లూజంటే చైను సాగిపోయింది. 428 చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి 12.7 మి.మీ. వరసగా 21 పిన్నుల మధ్య, అంటే 20 ఖాళీలు, కొత్తదైతే 254 మి.మీ. రావాలి. చైను బిగువుగా లాగి కొలవండి. 259 వచ్చిందంటే చైను కిట్టు మొత్తం మార్చాలి. చైను ఒక్కటి మార్చి పాత పళ్లు ఉంచితే కొత్త చైను కూడా తొందరగా పాడవుతుంది. చైనుకి రాయడానికి 90 నంబరు గేరు ఆయిలు చాలు. గ్రీజు రాస్తే మన ఎర్రమట్టి దానికే అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది.

ఇక షూలు

చక్రం ఊడదీయడం ఇప్పుడు చాలామందికి వచ్చేసింది కాబట్టి వరస మాత్రం చెప్తాను. రాడ్డు నట్టు, స్ప్రింగు, పిన్ను తీసి మళ్లీ రాడ్డుకే ఎక్కించి పెట్టుకోండి, నేల మీద పెట్టొద్దు. కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా కాళ్లు వంచి వేసే పిన్ను), తర్వాత టార్క్ లింకు (బ్రేకు ప్లేటు తిరగకుండా పట్టే కడ్డీ) నట్టు. యాక్సిల్ నట్టు. యాక్సిల్ లాగేటప్పుడు కుడి పక్క కాలరు జారి పడుతుంది, అది ఏ ముఖంతో ఉందో చూసుకోండి. తర్వాత బ్రేకు ప్లేటు చేత్తో లాగితే వచ్చేస్తుంది. రింగు స్పానర్లే వాడండి, స్క్రూ స్పానరు యాక్సిల్ నట్టు మూలలు కొరికేస్తుంది. కాటర్ పిన్ను కొత్తది వెయ్యండి, పాతది మళ్లీ వంచితే ఎప్పుడో తెగుతుంది.

లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి పంపు పెట్టొద్దు. షూల మీది లైనింగు (రాపిడి పొర) దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి. రెండు షూలూ చేత్తో పట్టి మధ్యకి మడిస్తే స్ప్రింగులతో సహా వచ్చేస్తాయి, ఎక్కించేటప్పుడూ అలాగే. లైనింగు మందం కొత్తది 4 మి.మీ. దగ్గర, 2 మి.మీ.కి వచ్చిందంటే మార్చాలి, ఎప్పుడూ జతగానే. మెరుస్తూ గాజులా ఉంటే ముతక ఎమ్రీ కాగితంతో ఆ మెరుపు పోయేదాకా రుద్దండి. గ్రీజు పీల్చుకున్న లైనింగుని పెట్రోలుతో కడిగి దాచుకోవద్దు, వేడెక్కితే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది. డ్రమ్ము లోపలి అంచున కొలత అచ్చుపోసి ఉంటుంది. 110 డ్రమ్ముకి 111, 130 డ్రమ్ముకి 131 దాటితే హబ్బు పని అయిపోయినట్టే. క్యామ్‌కీ (షూలను విడదీసే ముక్కకి), ఎదుటి పిన్నుకీ వేడికి కరగని గ్రీజు, అగ్గిపుల్ల కొనతో తీసినంత. అంతకు మించితే అది లైనింగు మీదే తేలుతుంది.

బిగించేటప్పుడు యాక్సిల్ నట్టు చివరి బిగింపుకి ముందు ఎవరినైనా పెడలు తొక్కి పట్టమనండి. షూలు డ్రమ్ములో మధ్యకి వచ్చాక ప్లేటు అక్కడే నిలుస్తుంది.

ఒక పన్ను వెనక్కి జరపొద్దు

పాఠంలో ఒకే ఒక్క మాట గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. షూలు అరిగి, రాడ్డు నట్టు మర చివరికి వచ్చేశాక, లివరు బోల్టు తీసి, లివర్ని క్యామ్ షాఫ్టు పళ్ల మీద ఒక పన్ను వెనక్కి జరిపి మళ్లీ వేస్తారు. రాడ్డుకి మళ్లీ మర దొరుకుతుంది, బ్రేకు 'కొత్తదయినట్టు' ఉంటుంది. ఐదు నిమిషాల పని, షూల డబ్బు మిగులు. మెకానిక్కులు కూడా అడగకుండానే చేసిపెడతారు.

లోపల జరిగేది చూడండి. క్యామ్ ఒక బల్లపరుపు ముక్క. పడుకుని ఉన్నప్పుడు షూలు దగ్గరగా ఉంటాయి. లివరు తిరిగేకొద్దీ అది నిలబడుతూ షూలను విడదీస్తుంది. లైనింగు మందంగా ఉంటే కొద్దిగా తిరిగినా చాలు. అరిగినకొద్దీ ఇంకా ఇంకా తిరగాలి. నట్టు మర అయిపోవడమంటే క్యామ్ తిరగాల్సినంత తిరిగిపోయిందని బండి చెప్తోందన్నమాట. మీరు లివర్ని జరిపితే రాడ్డుకి మాత్రమే కొత్త చోటు దొరికింది, క్యామ్‌కి కాదు. అది అక్కడి నుంచి ఇంకా తిరుగుతుంది. ఒక రోజు గట్టిగా తొక్కితే క్యామ్ నిటారుగా నిలబడిపోతుంది. అక్కడి నుంచి షూల స్ప్రింగులు దాన్ని వెనక్కి పడుకోబెట్టలేవు. చక్రం పట్టేస్తుంది, అదీ గట్టిగా తొక్కాల్సి వచ్చిన చోటే.

లివరు మీద ఒక చుక్క, షాఫ్టు కొన మీద ఒక చుక్క ఉంటాయి. అవి రెండూ ఎదురెదురుగా ఉండాలి. శుభ్రం చేయడానికి లివరు తీసినా చుక్కకి చుక్క కలిపే వెయ్యాలి. కొత్త బండికే ఆ రెండు చుక్కల మీదుగా తెల్ల పెయింటు గీత గీసుకోండి, ఎవరైనా మీకు తెలియకుండా జరిపితే గీత విరిగి కనబడుతుంది.

అరుగుదల చూపే బాణం కూడా ఇక్కడే ఉంటుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు బాణం ప్లేటు మీది గుర్తుకి ఎదురుగా వస్తే షూలు మార్చాలి. కొన్ని బళ్లలో ఆ బాణం విడి రేకు, ఒకేచోట కూర్చునే వెడల్పు పన్ను ఉంటుంది కాబట్టి లివరు జరిపినా అది నిజమే చెప్తుంది. బాణం లివరు మీదే ఉన్న బళ్లలో లివరు జరిపితే అదీ జరుగుతుంది, అరిగిన షూలను బాగున్నాయని చూపిస్తుంది. పాత బండి కొన్నవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే. చుక్కలు కలవకపోతే షూల మందం స్వయంగా చూసేదాకా ఘాటీ రోడ్డెక్కొద్దు.

స్కూటరు ఉన్నవాళ్లకి: లోపలి షూలు, క్యామ్ లెక్క ఇదే. కానీ యాక్టివా లాంటి వాటిలో వెనక చక్రం రావాలంటే ముందు సైలెన్సరు తీయాలి. అది వేరే రోజు పెట్టుకుందాం.

అభ్యాసం

చైను బిగువున్న చోటు కనిపెట్టి పళ్ల చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టండి. అక్కడి నుంచి చక్రం ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ ఎనిమిది చోట్లా లూజు రాసుకోండి. అతి తక్కువకీ అతి ఎక్కువకీ మధ్య తేడా ఎంతో చూడండి. 21 పిన్నుల కొలత నాలుగు వేరువేరు చోట్ల తీయండి. తర్వాత చక్రం ఊడదీసి, షూలు తీసి, తిరిగి బిగించి, పెడలు 25కి తెచ్చి, రాడ్డు నట్టు గాడి కూర్చుందో లేదో చూసి, మళ్లీ మొదటి నుంచి ఊడదీయండి. ఇలా ఒకే రోజు మూడుసార్లు. మూడోసారి కూడా కాలరు ఏ పక్కదో ఆలోచించాల్సి వస్తే నాలుగోసారి చెయ్యండి.