నెగడు నిలవట్లేదా? కట్టెల్ని తిట్టే ముందు కింద నేల చూడండి

చలికాలం వస్తే బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉండే మనవాళ్లు సగం మంది శనివారం పొద్దున్నే టెంట్లు కారులో వేసుకుని కనకపుర రోడ్డో మాగడి రోడ్డో పట్టుకుంటారు. రాత్రి ఎనిమిదింటికి నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, మంట నిలవట్లేదు, తోటవాడు పచ్చి కట్టెలు అంటగట్టాడు." చాలాసార్లు ఆ తోటవాడి తప్పేమీ ఉండదు.

నేను చెప్పేది తోట యజమాని సరేనన్న చోట వేసే మంట గురించి. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం 1963 కర్ణాటక అటవీ చట్టం కింద నేరం. 2019 ఫిబ్రవరిలో బండీపుర అడవి వేల ఎకరాలు ఎలా కాలిపోయిందో చూసినవాళ్లకు ఇది మళ్లీ చెప్పక్కర్లేదు.

అసలు అంటుకోవడమే లేదు

పుల్ల విరిచి చూశారా? అందరినీ ముందు ఇదే అడుగుతాను, "చూడలేదు" అనే అంటారు. టప్పుమని విరిగితే ఎండుది. వంగి, నారలు తేలి వేలాడితే పచ్చిది, పక్కన పడేయండి. చేతికి పొడిగా తగిలినంత మాత్రాన ఎండినట్టు కాదు, బెరడు ఒక్క ఎండకే ఆరిపోతుంది.

రెండో కారణం తొందర. అగ్గిపుల్లంత సన్న చితుకుల తర్వాత పెన్సిలంత పుల్లలు, ఆపైన బొటనవేలంతవి, చివర్లో దుంగలు. మధ్యవి ఎగ్గొట్టి చితుకుల మీద ఏకంగా సరుగుడు దుంగ పెడితే ఎవరి మంటైనా చస్తుంది. రాజేయడానికి ఎండు కొబ్బరి పీచు చాలు. పెట్రోలు, శానిటైజర్ మాత్రం పోయొద్దు. ఆవిరి భగ్గుమని ముందు మీ మొహానికే అంటుకుంటుంది. పోసింది కాలిపోయాక కట్టె ఎక్కడిదక్కడే ఉంటుంది.

బాగా అంటుకుంది, పది నిమిషాల్లో పొగైపోయింది

నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. కట్టె ఎండుదే, పుల్ల టప్పుమనే విరిగింది, మంట మోకాలెత్తు లేచింది. అందరూ చప్పట్లు కొట్టి కుర్చీలు సర్దుకునేలోపు తెల్లటి పొగ. ఊదితే లేస్తుంది, ఆపితే పడుకుంటుంది. ఇంకాసేపు ఊదుతారు, కళ్లు మండుతాయి, చివరికి కట్టెల మీద పడతారు.

ఒక పుల్లతో నిప్పుల అంచు పైకెత్తి చూడండి. పైన ఎర్రగా ఉన్న బొగ్గు అడుగున నల్లగా, తడిగా ఉంటుంది. చెవి దగ్గర పెడితే సన్నగా సుయ్యిమంటుంది. దొంగ అక్కడున్నాడు: నేలలో చెమ్మ.

మంటగా మండేది నిజానికి కట్టెలోంచి వేడికి వచ్చే వాయువు. అది రావాలంటే అడుగున నిప్పులు కణకణలాడుతూ ఉండాలి. నేల తడిగా ఉంటే ఆ నిప్పుల వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఆ తడి ఆరేదాకా అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. కట్టె అంటుకోవాలంటే అంతకు మూడింతలైనా కావాలి. మొదట్లో చితుకులు వాటంతటవే మండుతాయి కాబట్టి ఏమీ తెలియదు. అవి అయిపోయి, నిప్పుల మీద ఆధారపడే వేళకు మంట చస్తుంది.

అక్టోబరు, నవంబరు వానలప్పుడు ఇది ఎవరైనా ఊహిస్తారు. జనవరిలో, వాన చుక్క లేనప్పుడు కూడా జరిగితేనే బుర్ర తిరుగుతుంది. చెట్ల కింద చూడండి, డ్రిప్ పైపు ఉంటుంది. మామిడి తోట, కొబ్బరి తోట ఏదైనా పైన ఎర్రమట్టి దుమ్ము రేగుతుంటుంది, రెండంగుళాల కింద తడి. అందుకే మంట వేసే ముందు నాలుగు వేళ్ల లోతు తవ్వి, గుప్పెడు మట్టి పిసకండి. ఉండ కట్టిందంటే ఆ చోటు పనికిరాదు. అసలు పైపు కనిపిస్తేనే దూరం జరగాలి, కరిగిందంటే రైతుకు మీరే కట్టివ్వాలి.

వేరే చోటు లేకపోతే మణికట్టు లావు కట్టెలు పక్కపక్కనే, సందు లేకుండా పరిచి, వాటి మీద అడ్డంగా ఇంకో వరస వేయండి. మంట ఆ తెప్ప మీద. అడుగు వరసకు కాస్త పచ్చివైనా పర్లేదు, నిదానంగా కాలతాయి. ఎండిన కొబ్బరి మట్టల మొదళ్లు వెడల్పుగా ఉంటాయి, అవీ బాగా పనికొస్తాయి. వాగులోంచి రాళ్లు మాత్రం తెచ్చి పరచొద్దు. లోపల నీళ్లుంటే వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి.

ఇప్పటికే చస్తున్న మంటయితే ఊదడం ఆపండి. పక్కన తెప్ప వేసి, ఎర్రగా ఉన్న నిప్పుల్ని పారతో దాని మీదకు మార్చి, మళ్లీ చితుకుల నుంచి మొదలుపెట్టండి.

పొగంతా మొహానికే వస్తోంది

దుంగలు కిక్కిరిసి ఉన్నాయి, గాలి దూరే సందు లేదు. ఒకదాన్ని ఎత్తి పెట్టండి. కంచెలో గన్నేరు పుల్లలు కనిపిస్తే మంటలో వేయొద్దు, దాని పొగ కూడా విషమే.

మంట బాగుంది, అన్నం ఉడకట్లేదు

మంట మీద కాదు, నిప్పుల మీద వండండి. అరగంట ఆగాలి, అంతే.

కొండ మీద ఆక్సిజన్ తక్కువై ఆరిపోయిందనీ ఒకరు వాదించారు. నంది కొండ ఎత్తే 1,478 మీటర్లు. ఆ ఎత్తుకు మంట ఆరదు. చలికి లైటర్ గ్యాస్ మొరాయిస్తే గుప్పిట్లో కాసేపు పట్టుకోండి, పనిచేస్తుంది.

తెప్ప మీద మంట వేసినవాళ్లు ఆర్పేటప్పుడు ఒకటి చేయాలి. పైన నీళ్లు పోసి వెళ్లిపోతే అడుగు వరస కట్టె లోలోపల రాజుతూనే ఉంటుంది. ఒక్కో కట్టెనూ తిరగేసి, నీళ్లు పోసి, బూడిద కలిపి, మళ్లీ పోయండి. ముంజేతి వెనకవైపు దగ్గరగా పెట్టి చూసి, సెగ తగలకపోతే ముట్టుకోండి. వెచ్చగా ఉంటే ఇంకో బకెట్.