అమెరికాలో మీ ఫోన్ కంపెనీ మీ వివరాలు పంచకుండా ఆపడం ఎలా?

వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. ఈ మూడింటిలో దేనిలోనూ అన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేసే బటన్ లేదు. ఒక్క "వద్దు"ని నాలుగైదు ముక్కలు చేసి తలా ఒక చోట పెట్టారు. ఒకటి ఫోన్ నంబరుకి డయల్ చేసి చెప్పాలి, ఇంకొకటి యాప్‌లో ఉంటుంది, మరొకటి వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది ఒకటి ఆపేసి పని అయిపోయిందనుకుంటారు. మిగిలినవి మాత్రం నడుస్తూనే ఉంటాయి.

నాలుగు లైన్ల ఖాతా అయితే ఒక గంట కేటాయించుకోండి. ఖాతాదారు లాగిన్, ఖాతా పిన్, అన్ని లైన్ల నంబర్ల జాబితా దగ్గర పెట్టుకోండి. ఫోన్ మీద చేసే కంటే ల్యాప్‌టాప్ మీద చేయడం సుఖం. యాప్‌లో లోపలెక్కడో దాగిన స్విచ్‌లు వెబ్‌సైట్‌లో కాస్త తొందరగా దొరుకుతాయి.

ముందు ఖాతా ఎవరి పేరున ఉందో చూడండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పని ఇక్కడే ఆగిపోతుంటుంది. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఒక ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవడం మన విద్యార్థుల్లో మామూలే. అలాంటప్పుడు ఖాతా ఒకరి పేరునే ఉంటుంది. మిగతావాళ్లు తమ లాగిన్‌తో వెళ్తే కొన్ని స్విచ్‌లు కనిపించవు, కనిపించినా కదలవు. ఖాతాదారు పక్కన కూర్చుని అందరి లైన్లకూ ఒకేసారి చేయడం మేలు. లేదా మీ లైనుకి మేనేజర్ స్థాయి అనుమతి ఇమ్మని అడగండి.

ఇంకో సంగతి. ఈ ఎంపికలు చాలావరకు లైను వారీగా ఉంటాయి. మొదటి లైనుకి ఆపితే మిగతా మూడింటికీ ఆగినట్టు కాదు. పైన లైను మార్చే చోట ఒక్కో నంబరు ఎంచుకుని, ప్రతిదానికీ మళ్లీ మొదటి నుంచీ చేయాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం ఆరు నెలలకి కలిపిన లైను కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కొత్త లైను కలిపిన ప్రతిసారీ దాని స్విచ్‌లు కంపెనీకి నచ్చిన స్థితిలోనే మొదలవుతాయి.

మొదటి పని: సీపీఎన్‌ఐ

కస్టమర్ ప్రొప్రైటరీ నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ అనే పొడుగు పేరుకి ఇది పొట్టి రూపం. మీరు ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ ప్లాన్ వాడుతున్నారు, బిల్లు ఎంత వస్తోంది అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. వారానికి ఎన్నిసార్లు హైదరాబాద్‌కో విజయవాడకో చేస్తున్నారన్నది కూడా సీపీఎన్‌ఐయే. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు మాత్రం ఇందులోకి రావు.

కమ్యూనికేషన్స్ చట్టంలో 1996లో చేర్చిన సెక్షన్ 222 దీనికి రక్షణ ఇస్తుంది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, నియమాల ప్రకారం కంపెనీ తన సొంత గ్రూపులో ఈ సమాచారాన్ని మార్కెటింగ్‌కి వాడుకోవాలంటే మీకు నోటీసు పంపితే చాలు. 30 రోజుల్లో మీరు వద్దనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. బయటి భాగస్వాములకి ఇవ్వాలంటే మాత్రం 2007 తర్వాత మీరు ముందుగా "సరే" అనాలి. ఆ నోటీసు బిల్లుతోనో, ఎవరూ చదవని ఈమెయిల్‌తోనో వస్తుంది. రెండేళ్లకోసారి మళ్లీ పంపాలన్నది నియమం.

మీవైపు ఉన్న నియమాలు కూడా గుర్తుంచుకోండి. వద్దని చెప్పే దారి ఉచితంగా, రోజులో 24 గంటలూ, వారంలో 7 రోజులూ తెరిచి ఉండాలి. వద్దన్నందుకు మీ సర్వీసు తగ్గించకూడదు. ఒకసారి వద్దంటే, మీరే మార్చుకునేదాకా అది చెల్లుతుంది.

వెరైజన్ మొబైల్ లైన్లకి 1-800-333-9956, ఏటీ అండ్ టీకి 1-800-315-8303. రెండూ ఈ పని కోసమే పెట్టిన నంబర్లు. మీ నంబరు నొక్కమంటుంది, తర్వాత ఎంపిక అడుగుతుంది. చివర్లో "నమోదయింది" అన్న మాట వినేదాకా ఫోన్ పెట్టేయకండి. మధ్యలో కట్ అయితే ఏదీ నమోదు కాదు. టీ-మొబైల్ వాడేవారు 611కి చేసి, సీపీఎన్‌ఐని మార్కెటింగ్‌కి వాడొద్దని ఖాతాలో రాయమని అడగండి.

కస్టమర్ కేర్‌కి వేరే పని మీద చేసినప్పుడు కూడా ఒక కిటుకు ఎదురవుతుంది. "మీ ఖాతా చూసి మీకు తగ్గ ఆఫర్లు ఉన్నాయేమో చెప్పమంటారా?" అని అడుగుతారు. మర్యాదగా అడిగినట్టే ఉంటుంది గానీ, అది సీపీఎన్‌ఐ వాడుకోవడానికి నోటిమాటగా అనుమతి తీసుకోవడమే. మీరు "సరే" అంటే ఆ కాల్ నడిచినంతసేపు చెల్లుతుంది. అక్కర్లేకపోతే "వద్దండీ, వచ్చిన పని చూడండి" అనేయొచ్చు.

రెండో పని: మీ బ్రౌజింగ్ మీద నడిచే ప్రకటనలు

సీపీఎన్‌ఐ ఆపితే ఇంటర్నెట్ వాడకం కూడా ఆగుతుందనుకోవడం పొరపాటు. బ్రౌజింగ్ చరిత్రను పంచాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని ఎఫ్‌సీసీ 2016లో నియమాలు తెచ్చింది. అవి పూర్తిగా అమల్లోకి రాకముందే కాంగ్రెస్ రద్దు చేసింది. 2017 ఏప్రిల్ 3న ట్రంప్ సంతకంతో ఆ కథ ముగిసింది. అందుకే ఈ భాగం ఇప్పుడు చాలావరకు కంపెనీలు పెట్టిన స్విచ్‌ల మీదే నడుస్తోంది. ఆ స్విచ్‌ల పేర్లు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి, అచ్చం అదే పేరు కోసం కాకుండా అది ఏం చేస్తుందో చదివి పోల్చుకోండి.

వెరైజన్‌లో అకౌంట్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రైవసీ పేజీ తెరవండి. "కస్టమ్ ఎక్స్‌పీరియన్స్" అనేది మీరు చూసే సైట్లు, వాడే యాప్‌ల ఆధారంగా మీ ఇష్టాయిష్టాలను ఊహిస్తుంది. అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. "కస్టమ్ ఎక్స్‌పీరియన్స్ ప్లస్" దానికి లొకేషన్‌నీ, కాల్ వివరాలనూ కలుపుతుంది. ఇది మీరు ఒప్పుకుంటేనే మొదలవుతుంది గానీ, ఏదో కూపనో రివార్డో తీసుకునేటప్పుడు "యాక్సెప్ట్" నొక్కి ఉంటే ఆన్ అయి ఉండొచ్చు. రెండూ చూడండి. "బిజినెస్ అండ్ మార్కెటింగ్ ఇన్‌సైట్స్" మూడోది. ఆఫ్ చేయడంతో పని పూర్తి కాదు: ఆఫ్ చేస్తే ఇకమీదట వాడటం ఆగుతుంది, ఇప్పటికే పోగేసింది పోవాలంటే అక్కడే ఉన్న "రీసెట్" విడిగా నొక్కాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఈ రీసెట్‌నే.

ఏటీ అండ్ టీలో ప్రొఫైల్ కింద ప్రైవసీ ఎంపికలు ఉంటాయి. "పర్సనలైజ్డ్" మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది, "పర్సనలైజ్డ్ ప్లస్" మీరు ఒప్పుకుంటేనే. ఆ రెండో దానిలో బ్రౌజింగ్, కచ్చితమైన లొకేషన్ వస్తాయి కాబట్టి ముందు దాన్ని చూడండి. బయటి సంస్థలకి ఇచ్చే మార్కెటింగ్, ఎనలిటిక్స్ నివేదికలకి వేరే స్విచ్ ఉంది.

టీ-మొబైల్ 2021 ఏప్రిల్ 26 నుంచి వెబ్, యాప్ వాడకాన్ని ప్రకటనల కోసం వాడుకోవడం మొదలుపెట్టింది, వద్దన్నవాళ్లని మినహాయించి. టీ లైఫ్ యాప్‌లోని సెట్టింగుల్లో గానీ, వెబ్‌సైట్‌లోని ప్రైవసీ సెంటర్‌లో గానీ ప్రకటనలకి ఒకటి, ఎనలిటిక్స్‌కి ఒకటి, అమ్మకానికి ఒకటి చొప్పున స్విచ్‌లు ఉంటాయి. మింట్ మొబైల్‌ని 2024లో టీ-మొబైల్ కొనేసింది, విజిబుల్ వెరైజన్‌ది, క్రికెట్ ఏటీ అండ్ టీది. అయినా పెద్ద కంపెనీ పేజీలో చేసింది వీటికి వర్తిస్తుందని అనుకోకండి. మీ బిల్లు ఏ పేరున వస్తోందో ఆ సైట్‌లోనే చేయాలి.

ఒక్క స్విచ్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించమంటాం. గుర్తింపు నిర్ధారణ, మోసాల నివారణ అనే పేరుతో ఒకటి కనిపిస్తుంది. ఈ నంబరు నిజంగా మీదేనా, సిమ్ ఈ మధ్యే మారిందా అని బ్యాంకులు ఫోన్ కంపెనీని అడిగే దారి అది. ఆపితే కొన్ని చోట్ల కొత్త ఖాతా తెరిచేటప్పుడు తనిఖీ ఇబ్బంది పెట్టొచ్చు. మా ఉద్దేశంలో సిమ్ మోసాలు ఇంతగా ఉన్న రోజుల్లో దాన్ని అలాగే వదిలేయడమే నయం.

మూడో పని: "అమ్మొద్దు, పంచొద్దు"

కంపెనీ హోమ్ పేజీ అడుగుకి వెళ్తే "డు నాట్ సెల్ ఆర్ షేర్ మై పర్సనల్ ఇన్ఫర్మేషన్" అనో, "యువర్ ప్రైవసీ చాయిసెస్" అనో లింక్ ఉంటుంది. కాలిఫోర్నియా చట్టం పుణ్యమా అని వచ్చిందిది. అక్కడ మీరు వద్దన్నాక 15 పనిదినాల్లోగా అమలు చేయాలి. టెక్సస్‌లో 2024 జులై 1 నుంచి, న్యూజెర్సీలో 2025 జనవరి 15 నుంచి ఇలాంటి చట్టాలే అమల్లో ఉన్నాయి.

ఇక్కడ పనిలో రెండు సగాలుంటాయి. లాగిన్ అయ్యి చేస్తే ఖాతాకి నమోదవుతుంది. లాగిన్ కాకుండా చేస్తే ఆ బ్రౌజర్‌లో ఒక కుకీగా మాత్రమే మిగులుతుంది. కుకీలు తుడిచిన రోజు మీ "వద్దు" కూడా తుడుచుకుపోతుంది. అందుకే ముందు లాగిన్ అవ్వండి. ఆ తర్వాత బ్రౌజర్ వైపు గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్ ఆన్ చేయండి, వెళ్లిన ప్రతి సైట్‌కీ "నా వివరాలు అమ్మొద్దు" అని బ్రౌజరే చెప్పే ఏర్పాటు ఇది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ సెట్టింగుల్లో ఉంటుంది, బ్రేవ్‌లో ముందే ఆన్ అయి ఉంటుంది, క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్ కావాలి. ఇంట్లో ఎన్ని బ్రౌజర్లుంటే అన్నిట్లోనూ చేయాలి.

ఇవన్నీ చేసినా ఆగనివి

బిల్లింగ్, 911 కాల్స్, కోర్టు ఉత్తర్వులు వీటికి అతీతం. కాల్ కలవాలంటే మీరు ఏ టవర్ దగ్గర ఉన్నారో నెట్‌వర్క్‌కి తెలియక తప్పదు. ఆ సమాచారం ఎక్కడెక్కడికి పోగలదో 2018లో బయటపడింది. జైళ్లకి ఫోన్ సేవలందించే సెక్యూరస్ అనే సంస్థ ద్వారా మిస్సోరీలో ఒక షెరిఫ్ సరైన అనుమతి లేకుండా జనం లొకేషన్ చూశాడు. కంపెనీలు లొకేషన్‌ని మధ్యవర్తులకి అమ్మడం, వాళ్లు ఇంకొకరికి అమ్మడం, ఆ గొలుసు చివర ఇతను. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ జరిమానాలు వేసింది: టీ-మొబైల్‌కి 8 కోట్ల డాలర్ల పైన, ఏటీ అండ్ టీకి 5.7 కోట్ల పైన, వెరైజన్‌కి దాదాపు 4.7 కోట్లు, అప్పటికే టీ-మొబైల్‌లో కలిసిన స్ప్రింట్‌కి 1.2 కోట్ల పైన. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2025లో ఒక అప్పీలు కోర్టు ఏటీ అండ్ టీ జరిమానాను కొట్టేసింది, మరో రెండు కోర్టులు వెరైజన్, టీ-మొబైల్ జరిమానాలను సమర్థించాయి.

బ్రౌజింగ్ సంగతిలో మాత్రం మీ చేతిలో కొంత ఉంది. ఇప్పటి సైట్లు చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయినవే కాబట్టి కంపెనీకి మీరు ఏ సైట్‌కి వెళ్లారో తెలుస్తుంది గానీ, అక్కడ ఏ పేజీ చదివారో తెలియదు. ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ సెట్టింగుల్లో "ప్రైవేట్ డీఎన్‌ఎస్" పెట్టుకుంటే సైట్ పేర్లు వెతికే పని కంపెనీ సర్వర్ల నుంచి తప్పుతుంది. ఇది సగం మందు మాత్రమే, సైట్‌కి కలిసేటప్పుడు పేరు చాలాసార్లు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. వీపీఎన్ (మీ ఇంటర్నెట్ వాడకాన్నంతా వేరే కంపెనీ సర్వర్ గుండా పంపే యాప్) అయితే అదీ దాస్తుంది, కాకపోతే ఫోన్ కంపెనీ చూసేదంతా ఇక వీపీఎన్ కంపెనీ చూస్తుంది. ఉచిత వీపీఎన్‌ల జోలికి పోకండి.

నెల రోజుల తర్వాత మళ్లీ తెరవండి

ప్రతి స్విచ్ ఆఫ్ చేశాక తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, లైను నంబరు పేరుతో దాచుకోండి. కొన్నిసార్లు పేజీ కింద "సేవ్" నొక్కకపోతే మార్పు నిలవదు, స్విచ్ మాత్రం ఆఫ్ అయినట్టే కనిపిస్తుంది. పేజీ మూసి, మళ్లీ లాగిన్ అయ్యి చూస్తే అసలు స్థితి తెలుస్తుంది. 30 రోజులకి ఒకసారి, ఆపైన కంపెనీ ప్రైవసీ పాలసీ మారిందని ఈమెయిల్ వచ్చినప్పుడల్లా తిరిగి చూడండి. కొత్త ప్రోగ్రాములు సాధారణంగా అలాంటి ఈమెయిల్‌తోపాటే వస్తాయి. నంబరుని వేరే కంపెనీకి మార్చుకుంటే పాత చోట చెప్పింది అక్కడే ఉండిపోతుంది, కొత్త చోట అన్నీ మొదటి నుంచి చేయాలి.

ఆపినా స్విచ్ తిరిగి ఆన్ అవుతోందా? ముందు కంపెనీకి రాసి, రిఫరెన్స్ నంబరు తీసుకోండి. అక్కడ తేలకపోతే ఎఫ్‌సీసీ వినియోగదారుల ఫిర్యాదుల వెబ్‌సైట్‌లో ఇన్‌ఫార్మల్ కంప్లయింట్ వేయండి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. ఎఫ్‌సీసీ దాన్ని కంపెనీకి పంపాక 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. ఫిర్యాదులో కోపం రాయకండి, తేదీలు రాయండి: ఏ లైను, ఏ రోజు ఏ స్విచ్ ఆపారు, ఏ రోజు మళ్లీ ఆన్ అయి కనిపించింది, కంపెనీ ఏమని జవాబిచ్చింది. స్క్రీన్‌షాట్లు జత చేయండి. ఇలాంటి ఫిర్యాదులు మామూలు కస్టమర్ కేర్ దాటి పైస్థాయి బృందానికి చేరతాయి, వాళ్లే మీకు ఫోన్ చేస్తారు. ఖాతా స్నేహితుడి పేరున ఉంటే ఫిర్యాదు కూడా అతని పేరున వెళ్లడం మంచిది, లేకపోతే ఖాతాదారు కారన్న కారణంతో వివరాలు చెప్పరు. ఫోన్‌లో చెప్పాలనుకుంటే ఎఫ్‌సీసీ నంబరు 888-225-5322.